కోడి ఈకల నుంచి ప్రోటీన్: మన ఊళ్లలో నడిచే పనేనా?

గూడెం చికెన్ సెంటర్:
అందరికీ నమస్కారం. మాది తాడేపల్లిగూడెంలో చికెన్ షాపు. మా సంఘంలో నలభై దాకా షాపులున్నాయి. ఈకలు, పేగులు, తలకాయలు, చర్మం అన్నీ ఒకే డ్రమ్ములో పడేస్తాం, రాత్రికి ఒక బండి వచ్చి ఎత్తుకెళ్తుంది. ఎక్కడికి వెళ్తాయో ఈ ప్రాంతంలో తెలియని వాళ్లు లేరు, చేపల చెరువుల్లోకే. పేగులైతే చేప తింటుంది, ఈకలు మాత్రం గట్టు వెంట, పంట కాలవల్లో తేలుతూనే ఉంటాయి. ఈకలో 80 శాతం పైనే ప్రోటీన్ ఉంటుందని చదివాను. సోయా చెక్కలో ఉండేదే 45 నుంచి 48. మరి ఇంత సరుకు రోజూ ఊరికే పోతుంటే చూస్తూ కూర్చోవడం నాకు నచ్చట్లేదు. సంఘం తరఫున చిన్న యూనిట్ పెట్టి, ఈకలు ఎండబెట్టి, పల్వరైజర్‌లో ఆడించి మేత మిల్లులకు ఇస్తే ఎలా ఉంటుంది? చేసిన వాళ్లు, చూసిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మేత మిల్లు:
అన్నా, ఎండబెట్టి ఆడించిన ఈకల పొడిని ఏ మిల్లు వాళ్లూ కొనరు, కొనకూడదు కూడా. నేను ఫీడ్ మిల్లులో ఫార్ములేషన్ చూస్తాను కాబట్టి కొనేవాడి వైపు నుంచి చెప్తున్నా. ల్యాబ్‌లో క్రూడ్ ప్రోటీన్ అని వచ్చే అంకె ప్రోటీన్‌ని నేరుగా కొలిచింది కాదు, నత్రజనిని కొలిచి దాన్ని 6.25 తో గుణించింది. ఈకలో నత్రజని బోలెడు కాబట్టి అంకె 80, 85 అని ఘనంగా వస్తుంది. కానీ పచ్చి ఈక పొడి కోడికి పెట్టినా చేపకి పెట్టినా ముప్పాతిక వంతుకు పైగా అరగకుండా అలాగే బయటికి వచ్చేస్తుంది. మేం చూసేది పెప్సిన్ డైజెస్టిబిలిటీ, అంటే కడుపులో ఉండే ఎంజైమ్‌తో ల్యాబ్‌లో ఎంత కరిగింది అన్నది. పచ్చి ఈకకు అది 20 శాతం లోపే. ఆవిరి ఒత్తిడిలో సరిగ్గా ఉడికించిన దానికి 75 పైన వస్తుంది. చేప పొడిలో కల్తీకి ఈకల పొడి, యూరియా వాడే వాళ్లు ఆడుకునేది సరిగ్గా ఈ అంకెతోనే, అందుకే మిల్లు వాళ్లు ఈకల పేరు వినగానే అనుమానంగా చూస్తారు. మీరు నిజాయితీగా చేయాలనుకుంటే ముందు ఆ అనుమానం తీర్చాలి.

గూడెం చికెన్ సెంటర్:
అర్థమైంది సార్. కానీ ఒక సందేహం. అంత ప్రోటీన్ ఉన్నప్పుడు ఎందుకు అరగదు? మాంసం ప్రోటీన్ అరుగుతుంది కదా.

కెరటిన్ ల్యాబ్:
ఇది నా పరిశోధన విషయమే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఈకలో దాదాపు 90 శాతం కెరటిన్ అనే గట్టి ప్రోటీన్. మన గోరు, జుట్టు, గొర్రె ఊలు, ఆవు కొమ్ము కూడా కెరటినే, కానీ జుట్టులో అది మెలితిరిగిన తీగల్లా ఉంటుంది, ఈకలో మడతలు పెట్టిన పలకల్లా ఒకదానిమీద ఒకటి బిగిసి ఉంటుంది. ఈక కెరటిన్ అణువు చిన్నదే, అణువుల బరువు కొలిచే డాల్టన్లలో 10 వేల దగ్గర. బలమంతా సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో ఉంది. ఈకలో అది 7 శాతం దాకా ఉంటుంది. రెండు సిస్టీన్ల గంధకాలు చేతులు కలిపితే డైసల్ఫైడ్ బంధం ఏర్పడుతుంది. ఆ బంధాలు అన్ని వైపులా ఉండటంతో పెప్సిన్, ట్రిప్సిన్, బొప్పాయి పాలలోని పపైన్ లాంటి మామూలు ఎంజైమ్‌లు లోపలికి దూరలేవు. వెంట్రుక కాలితే వచ్చే ఆ వాసన గంధకం వల్లే. బ్యూటీ పార్లర్‌లో జుట్టు స్ట్రెయిటెనింగ్‌కి పూసే థయోగ్లైకోలేట్ క్రీము చేసేది కూడా ఈ బంధాలను విడదీయడమే. కాబట్టి ఈకల నుంచి ప్రోటీన్ తీయడం అంటే ప్రధానంగా ఈ బంధాలను ఎలా తెంచాలి, ఎంత వరకు తెంచాలి అన్న ప్రశ్నే. ఆవిరితో తెంచొచ్చు, క్షారంతో తెంచొచ్చు, రసాయనాలతో తెంచొచ్చు, బ్యాక్టీరియాతో కూడా. ఏ దారిలో వెళ్తే చివరికి ఏ సరుకు వస్తుందో అది వేరు.

చెరువుగట్టు:
కైకలూరు దగ్గర చెరువులు చేస్తాను. ముందు ఒక మాట చెప్పాలి, కోపంగానే చెప్తున్నా. మీ షాపుల డ్రమ్ములు మా పక్క చెరువుల్లో ఒంపుతుంటే ఆ నీళ్లు కాలవ ద్వారా మాకే వస్తాయి. తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి చేప పైకి తేలి నోరు తెరుస్తుంది, ఏరియేటర్లు ఎన్ని తిప్పినా లాభం ఉండదు. కుళ్లిన వ్యర్థాలు వేయడం నేరం అని ఎన్నిసార్లు దాడులు చేసినా రాత్రి బండ్లు ఆగవు. నిషేధం ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచే వాళ్లు, కొందరు ఫంగస్ (పంగాసియస్) చేప వాళ్లు వీటిని తీసుకుంటారు, చెడ్డపేరు మాత్రం శీలావతి, బొచ్చె పెంచే మాకూ వస్తుంది. అందుకని అడుగుతున్నా, ఈకలను సరిగ్గా ఉడికించి ఇస్తే నేను మేతలో ఎంత కలుపుకోవచ్చు? చేప పొడి రేటు మోయలేకపోతున్నాం.

మేత మిల్లు:
చెరువుగట్టు గారు, మీ కోపంలో న్యాయం ఉంది. ఉడికించిన ఈకల పొడి చేప మేతలో 5 నుంచి 10 శాతం వరకు కలపడం మామూలే. బ్రాయిలర్ మేతలో 2 నుంచి 4 మించనివ్వం. ఎందుకు అంతే అంటే, ఇందులో అమైనో ఆమ్లాల్లో సిస్టీన్, సెరీన్, ప్రోలీన్, వేలీన్ దండిగా ఉన్నా లైసిన్, మెథియోనిన్, హిస్టిడిన్, ట్రిప్టోఫాన్ చాలా తక్కువ. లైసిన్ 2 శాతం చుట్టూ, మెథియోనిన్ 0.6 చుట్టూ అంతే. చేప పొడి తీసేసి దాని బదులు మొత్తం ఇదే వేస్తే చేప తింటుంది కానీ పెరగదు. సోయా చెక్కతో కలిపి, పైన లైసిన్, మెథియోనిన్ విడిగా వేసుకుంటే లెక్క కుదురుతుంది.

రాలీ నుంచి:
నేను అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటాను, ఇక్కడ కోళ్ల పరిశ్రమ చాలా పెద్దది. మీ షాపుకీ ఇక్కడి ప్లాంటుకీ అసలు తేడా మొదటి అడుగులోనే ఉంది. ఇక్కడ కోడిని వేడినీళ్లలో ముంచి, రబ్బరు వేళ్ల యంత్రం ఈకలు పీకగానే అవి విడిగా ఒక నీటి కాలువలో పడి వెళ్లిపోతాయి, పేగులు ఇంకో కాలువలో. ఈకలు అదే రోజు హైడ్రోలైజర్‌లో, అంటే ఆవిరి ఒత్తిడితో ఉడికించే పెద్ద పాత్రలో పడతాయి. గేజ్ మీద 2 నుంచి 3 బార్ ఒత్తిడి, అంటే ఆవిరి వేడి 133 నుంచి 143 డిగ్రీలు, అరగంట నుంచి గంట వరకు కలుపుతూ ఉడికిస్తారు. తర్వాత ఆరబెట్టి పొడి చేస్తారు. ఇంకో సంగతి కూడా ఇక్కడే జరిగింది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ జేసన్ షీ బృందం కోళ్ల పెంటతో గ్యాస్ తయారు చేసే డైజెస్టర్ నడుపుతుంటే అందులో పడ్డ ఈకలు మాయమైపోవడం గమనించారు. ఆ పని చేస్తున్న బ్యాక్టీరియాని విడదీశారు, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ పీడబ్ల్యూడీ-1. 1990లో ప్రచురించారు. 50 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.5 లో అది ఈకలనే తిండిగా తీసుకుని పెరుగుతుంది. కెరటిన్‌ని తెంచే దాని ఎంజైమ్ కెరటినేజ్‌ని తర్వాత మేతలో కలిపే సరుకుగా కూడా తెచ్చారు.

కెరటిన్ ల్యాబ్:
రాలీ గారు చెప్పిన వేళ్ల యంత్రం గురించి తర్వాత వస్తాను, అక్కడే మన సమస్య ఉంది. ముందు రెండు విషయాలు. ఒకటి, ఎక్కువసేపు ఉడికిస్తే ఇంకా బాగా అరుగుతుంది అనుకోవద్దు. ఒక హద్దు దాటాక సిస్టీన్ చెడిపోయి లాంథియోనిన్ అనే పనికిరాని పదార్థంగా మారుతుంది, లైసిన్ కూడా పోతుంది. ఒత్తిడి, సమయం, తేమ మూడూ కుదరాలి. రెండు, బ్యాక్టీరియా పద్ధతిలో అమైనో ఆమ్లాలు బాగా మిగులుతాయి కానీ రోజుల తరబడి ఉష్ణోగ్రత పట్టుకోవాలి, ట్యాంకు కావాలి, చివరికి వచ్చేది పల్చటి ద్రవం, దాన్ని ఆరబెట్టే ఖర్చు వేరే. ఎంజైమ్‌ని విడిగా కొని ఈకల మీద చల్లితే బ్యాక్టీరియా అంత పని చేయదు, ఎందుకంటే బతికున్న కణం సల్ఫైట్ లాంటి వాటిని వదిలి డైసల్ఫైడ్ బంధాన్ని కూడా విప్పుతుంది, ఎంజైమ్ ఒక్కటే ఉంటే ఆ సాయం ఉండదు.

పల్నాటి మిర్చి:
మాకు మేత సంగతి వద్దు గానీ పైరుకి పనికొస్తుందా చెప్పండి. షాపుల్లో అమైనో ఆమ్లాల ద్రవం అని సీసాల్లో అమ్ముతున్నారు, మిరపకు పూత నిలుస్తుందని కొడుతున్నాం. వాటిలో కొన్ని ఈకల నుంచే తీస్తారట కదా. కాస్టిక్ సోడాలో ఉడకబెడితే ఈక కరిగిపోతుందని ఒక వీడియోలో చూశాను. ఇంట్లోనే చేసుకుంటే పోలా?

కెరటిన్ ల్యాబ్:
వద్దండి. కాస్టిక్ సోడాలో ఈక నిజంగానే కరుగుతుంది, ఒక గంటలో జిగురు నీళ్లలా అవుతుంది. కానీ అది మరుగుతూ చిమ్మితే కంట్లో పడిన చుక్క చూపు తీసేస్తుంది. దాన్ని తటస్థం చేయడానికి ఆసిడ్ పోస్తే ప్రతి కిలో కాస్టిక్ సోడాకి దాదాపు ఒకటిన్నర కిలో ఉప్పు తయారవుతుంది, ఆ ఉప్పు మీ మిరపతోటలోకే వెళ్తుంది. కంపెనీల్లో కొందరు అందుకే కాస్టిక్ పొటాష్ వాడతారు, మిగిలేది పొటాష్ కాబట్టి పైరుకి నష్టం లేదు. ఇంకా ప్రమాదం సోడియం సల్ఫైడ్‌తో. అది ఈకలను చాలా తేలిగ్గా కరిగిస్తుంది, కానీ దాంట్లో ఆసిడ్ పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది, మూసి ఉన్న షెడ్డులో మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, గాఢత పెరిగాక ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ఏ వీడియో చూసి కూడా ఈ పని ఇంట్లో మొదలుపెట్టకండి.

మేత మిల్లు:
మిర్చి గారికి ఇంకో సంగతి. ఈ ద్రవాలన్నిటినీ 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో బయోస్టిమ్యులెంట్ల, అంటే పైరు ఎదుగుదలకు ఊతమిచ్చే పదార్థాల కిందికి తెచ్చారు. ప్రోటీన్ హైడ్రోలైసేట్లు, అంటే ప్రోటీన్‌ని చిన్న ముక్కలుగా తెంచి చేసినవి, అందులో ఒక రకం. 2025 సెప్టెంబర్ చివర్లో కేంద్రం జంతువుల నుంచి తీసిన 11 రకాలకు అనుమతి వెనక్కి తీసుకుంది, కోడి ఈకల నుంచి తీసినవి కూడా అందులో ఉన్నాయి. మత విశ్వాసాలు, ఆహార నియమాల దృష్ట్యా వచ్చిన అభ్యంతరాలే కారణంగా చెప్పారు. కాబట్టి ద్రవం చేసి రైతుకి అమ్ముదాం అనుకునే వాళ్లు ముందు ఇప్పుడు అమల్లో ఉన్న జాబితా చూసుకోండి.

పల్నాటి మిర్చి:
అయ్యో, ఇది నాకు తెలియదు. మరి కంపోస్టు చేసుకుంటే? అది అమ్మేది కాదు కదా, సొంత పొలానికే.

రాలీ నుంచి:
కంపోస్టు చక్కగా అవుతుంది, ఇక్కడ సేంద్రియ రైతులు ఈకల పొడిని నత్రజని కోసం నేలలో కూడా వేస్తారు, అందులో 12 నుంచి 15 శాతం నత్రజని ఉండి నెమ్మదిగా విడుదలవుతుంది. కానీ పచ్చి ఈకలు కుప్ప పోస్తే అమ్మోనియా కంపుతో ఊరంతా గోల చేస్తుంది, నత్రజనికి తగ్గ కార్బన్ లేకపోవడమే కారణం. లెక్క కడితే ఎండు ఈకల బరువుకి కనీసం పది రెట్లు ఎండు వరిగడ్డి కావాలి. గడ్డి బదులు కొబ్బరి పొట్టు కూడా బాగుంటుంది, మీ గోదావరి జిల్లాల్లో దానికి కొరత లేదు. తేమ పట్టుకుంటూ, తిరగేస్తూ ఉంటే లోపల 55 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలోనే ఈక విడిపోతుంది. ఈకల కాడలు అన్నిటికంటే చివర్లో కరుగుతాయి.

గూడెం చికెన్ సెంటర్:
చాలా కొత్త విషయాలు తెలిశాయి, అందరికీ ధన్యవాదాలు. కెరటిన్ ల్యాబ్ గారు, వేళ్ల యంత్రం దగ్గర మన సమస్య ఉందన్నారు, అదేంటి?

కెరటిన్ ల్యాబ్:
మీరే చెప్పండి, మీ షాపులో స్కిన్ ఎంత, స్కిన్‌లెస్ ఎంత పోతుంది?

గూడెం చికెన్ సెంటర్:
స్కిన్‌లెస్ ఎక్కువ. స్కిన్ అడిగితే వేడినీళ్లలో ముంచి డ్రమ్ము మిషన్‌లో వేస్తాం, ఈకలు విడిగా వస్తాయి, కాకపోతే నీళ్లతో బరువెక్కి ఉంటాయి. స్కిన్‌లెస్ అయితే మెడ దగ్గర కత్తితో గాటు పెట్టి చర్మాన్ని ఈకలతో సహా చొక్కా విప్పినట్టు లాగేస్తాం. ఈకలు తడవవు, కానీ చర్మం, కింద కొవ్వు అన్నీ వాటికి అంటుకునే ఉంటాయి. ఓహ్, మీరు అడుగుతున్నది ఇదేనా?

కెరటిన్ ల్యాబ్:
సరిగ్గా అదే. విదేశీ పేపర్లలో రాసిన పద్ధతులన్నీ పీకిన శుభ్రమైన ఈకల మీద చేసినవి. మన దగ్గర వచ్చేది ఈక, చర్మం, కొవ్వు, నెత్తురు కలిసిన ముద్ద. కొవ్వు ఉంటే ద్రవం నురగ కడుతుంది, పొడి ముద్దకడుతుంది, నిల్వలో చేదెక్కుతుంది. మన పరిశోధకులు ఈ ముద్ద మీద ఎక్కువ పని చేయాలని నా కోరిక. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థలో కెరటిన్‌ని తోలు మెత్తగా నింపడానికి వాడే పని జరిగింది. ముంబైలోని ఐసీటీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)లో ప్రొఫెసర్ ఎ. బి. పండిట్ బృందం హైడ్రోడైనమిక్ క్యావిటేషన్, అంటే ద్రవంలో బుడగలు పుట్టించి అవి పగిలే శక్తిని వాడి ఊలు, జుట్టు, ఈకల వ్యర్థాల నుంచి ఎరువు, పెంపుడు జంతువుల మేత చేసే పద్ధతి తెచ్చింది. 2023లో జ్యూరిక్, సింగపూర్ పరిశోధకులు ఈక కెరటిన్‌తో ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే పరికరం) పొర కూడా తయారు చేశారు. బుర్రలు పనిచేస్తున్నాయి, దారులున్నాయి. కానీ గూడెంలో మీ డ్రమ్ములో ఉన్న ముద్దని ఎవరైనా చేయగలిగేలా మార్చే పని ఇంకా బాకీ ఉంది.

మేత మిల్లు:
ఈ ముద్దకి కూడా దారి ఉంది, దాన్ని పూర్తిగా రెండరింగ్ చేయాలి. ఈక, చర్మం, పేగులు కలిపి ఉడికించి, కొవ్వు పిండి తీసేసి, మిగిలింది పౌల్ట్రీ మీల్‌గా అమ్ముతారు. కానీ ఇందులో అరిగే గుణం ఈకలు ఎంత కలిశాయన్న దాన్ని బట్టి మారిపోతుంది, అందుకే ధర తగ్గుతుంది. విడి ఈకల పొడికి, విడి మీల్‌కి వచ్చే ధర మిశ్రమానికి రాదు. నలభై షాపుల సరుకు నేను కట్టిన లెక్క ఇది: షాపుకి రోజుకి 60 కోళ్లు, కోడికి 2 కిలోలు అనుకుంటే మొత్తం 4,800 కిలోల లైవ్. ఈకలు లైవ్ బరువులో 5 నుంచి 7 శాతం. అంటే 240 నుంచి 336 కిలోల ఈకలు. నీళ్లలో ముంచినవైతే తూకం ఇంకా ఎక్కువ చూపిస్తుంది, దానికి మురిసిపోవద్దు. సరిపడా బాయిలర్, హైడ్రోలైజర్, డ్రైయర్ పెట్టి రోజుకి ఇంత తక్కువ సరుకుతో నడపడం నష్టమే. పైగా అది ప్రెషర్ వెసెల్, బాయిలర్ ఇన్‌స్పెక్టర్ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

కోచి తెలుగు:
మాది విజయనగరం, కోచిలో ఉద్యోగం. కేరళలో జిల్లాల వారీగా రెండరింగ్ ప్లాంట్లు పెట్టారు. చికెన్ షాపు వాళ్లు వ్యర్థాలు ప్లాంటుకే ఇవ్వాలి, పైగా కిలోకి ఇంత అని షాపు వాళ్లే డబ్బు కడతారు. బండి వచ్చే వరకు ఫ్రీజర్‌లో పెట్టుకోమంటారు, చల్లగా ఉంచిన లారీల్లో తీసుకెళ్తారు. మన దగ్గర చెరువుల వాళ్లు షాపుకి ఎదురు డబ్బు ఇచ్చి తీసుకెళ్తారు కాబట్టి ప్లాంటుకి ఇవ్వమంటే ఎవరూ ముందుకి రారు. నాకు అర్థమైనంత వరకు రసాయన శాస్త్రం కన్నా ఇదే పెద్ద చిక్కు.

చెరువుగట్టు:
కోచి తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. డ్రమ్ముకి ఇచ్చే డబ్బు ఆగితేనే ఈ బండ్లు ఆగుతాయి. అధికారులు చెరువు గట్టున పట్టుకోవడం కాదు, షాపు నుంచి సరుకు ఎటు కదిలిందో రాసుకోవాలి.

కోళ్ల డాక్టరు:
ఆలస్యంగా చేరుతున్నాను. రెండు జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటాను. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారం, తణుకు దగ్గర వేల్పూరుల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు చూశాం, చనిపోయిన కోళ్లు, వాటి ఈకలు ఏ ప్లాంటుకీ వెళ్లకూడదు, నిబంధనల ప్రకారం పాతిపెట్టడమో కాల్చేయడమో చేయాల్సిందే. ఏ యూనిట్ పెట్టినా జబ్బు ప్రాంతం నుంచి సరుకు ఆపే ఏర్పాటు ముందే ఉండాలి. రెండోది, కోడికి వాడిన మందుల ఆనవాళ్లు ఈకల్లో మిగులుతాయి. 2012లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఈకల పొడిలో ఆర్సెనిక్, యాంటీబయాటిక్‌లు ఉన్నట్టు చూపించారు. ఆవిరి బ్యాక్టీరియాని చంపుతుంది, ఆర్సెనిక్‌ని మాత్రం తీయలేదు. అందుకే ఈకల పొడి బాగుండాలంటే ఫారంలో మందుల వాడకం బాగుండాలి. ఇంకో మాట, కోడి ఈకల పొడిని తిరిగి కోడికి పెట్టే కన్నా చేపలకి, పెంపుడు కుక్కల మేతకి పంపడం మంచిదని నా అభిప్రాయం. యూరప్‌లో కూడా ఒక జాతి మాంసకృత్తులు అదే జాతికి పెట్టనివ్వరు. పాడి పశువులకి అసలు పెట్టొద్దు.

గూడెం చికెన్ సెంటర్:
సరే సార్. రాత్రి సంఘంలో కూర్చుని మాట్లాడుకున్నాం. సొంతంగా హైడ్రోలైజర్ ఆలోచన పక్కన పెట్టాం. ఇప్పుడున్న రెండరింగ్ ప్లాంటుతో మాట్లాడి, మా షాపుల్లో డ్రమ్ములు రెండు చేస్తాం: మిషన్‌లో పీకిన ఈకలు ఒకదాంట్లో, చర్మంతో వచ్చినవీ పేగులూ ఇంకోదాంట్లో. పీకిన ఈకల్ని చిల్లుల బుట్టలో ఒక గంట వడకట్టి ఇస్తే తూకంలో నీళ్లు తగ్గుతాయి, ప్లాంటు వాళ్లకీ ఆరబెట్టే ఖర్చు తగ్గుతుంది. కొందరు సభ్యులు చెరువు బండి డబ్బు వదులుకోవడానికి ఇంకా ఒప్పుకోలేదు, వాళ్లతో నేను మాట్లాడుతున్నాను. ఒక్కటే అడగాలి. ఆదివారం అమ్మకం మిగతా రోజులకి మూడు నాలుగు రెట్లు, ప్లాంటు బండి సోమవారం గానీ రాదంటున్నారు. మే నెల ఎండల్లో ఆ ఈకలు ఆగుతాయా?

కెరటిన్ ల్యాబ్:
పేగులు కలవకపోతే ఆగుతాయి, కలిస్తే ఆగవు. ఈక తనంతట తాను త్వరగా కుళ్లదు, దానికి అంటిన నెత్తురు, పెంట కుళ్లుతాయి. మిషన్ ఈకల్ని ఒకసారి మంచి నీళ్లతో జాడించి, వడకట్టి, నీడలో పలచగా పరవండి. డ్రమ్ములో కుక్కి మూత పెట్టొద్దు, లోపల వేడెక్కుతుంది. చర్మం, కొవ్వు డ్రమ్ముని మాత్రం ఏ పరిస్థితిలోనూ సోమవారం దాకా ఉంచొద్దు, దానికి ఆదివారం సాయంత్రమే బండి అడగండి.

మేత మిల్లు:
ప్లాంటు వాళ్లు పొడి తయారు చేశాక మొదటి బ్యాచ్ శాంపిల్ నాకు పంపమనండి. ఒకే సంచిలోంచి కాకుండా వేరు వేరు సంచుల్లో పైన, మధ్యలో, అడుగున తీసి కలిపిన శాంపిల్ కావాలి. తేమ 10 శాతం లోపు ఉందా, కొవ్వు ఎంత, బూడిద ఎంత, సాల్మొనెల్లా ఉందా చూస్తాం. పెప్సిన్ పరీక్ష 0.2 శాతం ద్రావణంతో చేస్తే సరిగ్గా ఉడకని పొడి కూడా బాగానే ఉన్నట్టు కనిపించే అవకాశం ఉంది, అందుకే 0.002 శాతంతో కూడా చేయించమని ల్యాబ్‌కి ముందే చెప్పండి. ఆ రెండో అంకె బాగుంటే ధర గురించి మాట్లాడుకుందాం.